రాజస్థాన్‌లో చలి రాలేదట, జీలకర్ర చేను ఏమవుతుంది?

కిరాణా కొట్టు, చెన్నై:
అందరికీ నమస్కారం. షావుకారుపేట దగ్గర మాకు చిన్న కిరాణా కొట్టు ఉంది, నాన్నగారి నాటిది. జీలకర్ర ఒక మార్వాడీ సేఠ్ దగ్గర తీసుకుంటాను. ఆయన బావమరిది బాడ్‌మేర్ దగ్గర ఇరవై బీఘాల్లో జీలకర్ర వేశాడు. నిన్న సరుకుకి వెళ్తే ఇద్దరూ ఫోన్‌లో అదే మాట. జనవరి సగమైంది, అక్కడ మధ్యాహ్నం ఫ్యాన్ తిరుగుతోందట, రాత్రి రజాయి కప్పుకోలేకపోతున్నారట. చేను పూత మీద ఉంది. ఫోన్ పెట్టేశాక సేఠ్ తూకం వేస్తూ లెక్క రెండుసార్లు తప్పాడు. పదిహేనేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు.

2023లో జీలకర్ర క్వింటాలు 50,000 దాటినప్పుడు వంద గ్రాములు కొనేవాళ్ళు యాభైకి దిగారు. ధర సంగతి తర్వాత చూసుకుంటాను. ఆ రైతు ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా?

మెట్ట సేద్యం:
ఉంది. జీలకర్రకు చలి, పొడి గాలి రెండూ కావాలి. నవంబరులో విత్తి ఫిబ్రవరి, మార్చిల్లో కోస్తారు. పూత, గింజ కట్టే సమయంలో ఎండ ముదిరితే మొక్క తొందరగా పండిపోతుంది, గింజ నిండదు, తాలు ఎక్కువ వస్తుంది. మీరు అరచేతిలో నలిపి చూస్తారు కదా, వాసన రాక పొట్టులా రాలేది అదే. వేడికన్నా నాకు మబ్బంటేనే ఎక్కువ భయం. మబ్బు, తేమ కలిస్తే మొక్కలు గోధుమ రంగుకి తిరిగి మాడిపోయే తెగులు చాలా వేగంగా పాకుతుంది, రసం పీల్చే చిన్న పురుగు, పేనుబంక కూడా పడుతుంది. మబ్బు ఉన్న రోజుల్లో తడి పెట్టొద్దని చెప్పండి. మందు సంగతి మాత్రం అక్కడి కృషి విజ్ఞాన కేంద్రాన్నే అడగాలి. వచ్చే ఏడాదికి జోధ్‌పూర్‌లోని ఎడారి సేద్య పరిశోధన సంస్థ కాజ్రీ తెచ్చిన సీజెడ్‌సీ-94 రకం గురించి కనుక్కోమనండి, సుమారు వంద రోజుల్లో కోతకొస్తుంది. ఎండ ముదరకముందే పంట ఇంటికి చేరుతుంది.

తాంబరం రిటైర్డ్:
వాయుసేనలో ఉండగా ఆరేళ్ళు ఆ ఎడారిలో గడిపాను. చూరు అనే ఊరి వైపు తెల్లవారుజామున బకెట్‌లో నీళ్ళు పైన గడ్డకట్టి ఉంటే చెంబుతో కొట్టి ముంచుకునేవాళ్ళం. గాలిలో తేమ లేక, ఆకాశం తేటగా ఉంటే పగలు కాలిన ఇసుక చీకటి పడగానే చల్లబడిపోతుంది. మబ్బు పట్టిందంటే మూత పెట్టినట్టే, రాత్రి కూడా వెచ్చగానే ఉంటుంది. మధ్యధరా సముద్రం వైపు నుంచి చలికాలంలో వచ్చే వాతావరణ అలజడి, వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు, ముందు మబ్బు తెస్తుంది, అది దాటిపోయాకే ఉత్తరాది చలిగాలి దిగుతుంది. ఆ అలజడులు బలహీనపడిన ఏడాది చలి నిలవదు. అందుకే రాత్రి ఆకాశం ఎలా ఉందో ముందు అడగండి బాబూ.

కిరాణా కొట్టు, చెన్నై:
అడిగాను సార్. మూడు రాత్రులుగా మబ్బేనట. రేపు తడి పెట్టాల్సిన వంతు, ఆపేశాడు. పొద్దున మొక్కలు వంచి చూస్తే గట్టు పక్క నాలుగు సాళ్ళలో పేనుబంక కనిపించిందట, మిగతా చేను ఇంకా శుభ్రంగానే ఉంది. రేపు రెండు మొక్కలు పీకి సంచిలో పెట్టుకుని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్తున్నాడు.