తక్కువ బడ్జెట్‌లో టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) కొంటున్నా, డబ్బు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న:
నమస్తే అండీ. తాతయ్యగారి ఎల్పీ రికార్డులు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి, మళ్ళీ వినాలని ఉంది. సూట్‌కేస్‌లా మూసేసే మోడల్ చవగ్గా వస్తోంది, ఒకళ్ళేమో ఆడియో టెక్నికా కంపెనీ టర్న్‌టేబుల్ ఎల్పీ60ఎక్స్ చాలంటారు, ఇంకొకళ్ళు ముందు మంచి ప్రీఆంప్ కొనమంటారు. నా పాత స్టీరియో ఆంప్లిఫయర్ వెనక ఫోనో అని రాసున్న సాకెట్ ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు:
ఫోనో సాకెట్ ఉంటే ప్రీఆంప్ విడిగా కొనక్కర్లేదండీ, అది ఆంప్లిఫయర్ లోపలే ఉన్నట్టు. సూది కదలికని సిగ్నల్‌గా మార్చే చిన్న భాగాన్ని కార్ట్రిడ్జ్ అంటారు, మామూలుగా వాడే మూవింగ్ మ్యాగ్నెట్ (ఎంఎం) కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ 3 నుంచి 5 మిల్లీవోల్టులే, దాన్ని వంద రెట్లు పెంచాలి, పైగా రికార్డు మీద గాడి కోసేటప్పుడే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు కాబట్టి దాన్ని తిరగేసి సరిచెయ్యాలి, ప్రీఆంప్ చేసేది ఈ రెండు పనులే. అది లేకుండా ఆక్స్ అనే మామూలు సాకెట్‌లో పెడితే రేకు డబ్బాలోంచి పాడినట్టుంటుంది. టర్న్‌టేబుల్‌లో కూడా ప్రీఆంప్ ఉంటే దాని స్విచ్ ఫోనో వైపు పెట్టండి, లైన్ వైపు పెట్టి ఫోనో సాకెట్‌కి ఇచ్చారంటే రెండుసార్లు పెరిగి సౌండ్ పగిలిపోద్ది.

ఇంకో జవాబు:
సూట్‌కేస్ మాత్రం వద్దు, దయచేసి. వాటిల్లో చాలావరకు సిరామిక్ కార్ట్రిడ్జ్, రికార్డు మీద 5 గ్రాముల దాకా బరువు మోపి గాడిని అరగదీస్తాయి, మామూలు ఎంఎం కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు చాలు. తాతగారి రికార్డులు మళ్ళీ దొరకవు కదండీ.

ఎల్పీ60ఎక్స్ మరీ చెడ్డదేం కాదు, కానీ కార్ట్రిడ్జ్ మార్చలేరు, బరువూ సెట్ చేసుకోలేరు, సూది మార్చుకోవడం తప్ప ముందుకెళ్ళే దారి లేదు. కాస్త ఆగి డబ్బు కూడబెట్టుకునైనా కౌంటర్ వెయిట్ (సూది బరువు సర్దుకునేది), యాంటీ స్కేట్ (సూది లోపలివైపు లాక్కుపోకుండా ఆపేది) ఉన్నది తీసుకోండి. అదే కంపెనీ ఎల్పీ120ఎక్స్‌తో వచ్చే వీఎం95ఈ కార్ట్రిడ్జ్ నాకు నచ్చడానికి కారణం, సూది ఒక్కటి లాగేసి అదే బాడీకి మైక్రోలీనియర్ (ఇంకా సన్నటి కొన ఉన్న) సూది పెట్టుకోవచ్చు.

నా మటుకు నేను డబ్బంతా సూది మీదే పెడతా, ఎందుకో చెప్తా. రికార్డు తిరిగే వేగం ఒకటే అయినా గాడి వేగం ఒకటి కాదు, అంచు దగ్గర సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు, లోపలికొచ్చేసరికి 21 దాకా పడిపోద్ది. అదే పాట అంత ఇరుకులో కోసుంటుంది కాబట్టి గుండ్రటి కోనికల్ సూది ఆ సన్న మలుపుల్లో పట్టలేదు, అందుకే చివరి పాటలో స, శ గీసినట్టు వినిపిస్తాయి. కోలగా ఉండే ఎలిప్టికల్ నయం, మైక్రోలీనియర్ ఇంకా చాలా నయం. ఆడియో టెక్నికా లెక్కలో ఎలిప్టికల్ సుమారు 300 గంటలు, మైక్రోలీనియర్ 1000 గంటలు, కాబట్టి ఖరీదు చూసి భయపడక్కర్లేదు.

అడిగినవారు:
థాంక్సండీ, చాలా క్లియర్‌గా చెప్పారు. సెకండ్ హ్యాండ్‌లో చూడొచ్చా? అది తెచ్చాక బుయ్ అని మోత వస్తే?

జవాబు:
చూడొచ్చు. టోన్‌ఆర్మ్‌ని (సూదిని మోసే చేతిని) వేలితో మెల్లగా కదిపి చూడండి, ఎక్కడా పట్టెయ్యకూడదు, లొడలొడలాడకూడదు. బెల్ట్ సాగిపోయుంటే మార్చడం తేలికే. సూది ఎన్నాళ్ళు వాడారో అమ్మేవాళ్ళకే తెలీదు, అందుకని కొత్త సూది ఖర్చు కూడా కలుపుకునే బేరమాడండి. మోత వస్తే ముందు టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్న గ్రౌండ్ వైరు ఆంప్లిఫయర్ వెనక స్క్రూకి బిగించారా చూడండి, సాధారణంగా అక్కడితో పోద్ది.

ఇంకో జవాబు:
సూది మోపే బరువు తూచే చిన్న డిజిటల్ త్రాసు కూడా కొనుక్కోండి, వీఎం95కి 2 గ్రాములు పెట్టండి. బరువు అంతకన్నా తగ్గిస్తే రికార్డుకి ఇంకా మంచిదనుకుంటారు చాలామంది, కాదు, సూది గాడిలో ఎగిరెగిరి పడి గోడల్ని కొడుతుంది, అరిగేది అప్పుడే ఎక్కువ. అలైన్‌మెంట్ ప్రొట్రాక్టర్ (కార్ట్రిడ్జ్ సరైన కోణంలో ఉందో చూసుకునే గీతల కాగితం) ప్రింట్ తీసేటప్పుడు స్కేల్ 100 శాతం ఉందో లేదో చూసుకోండి.