“ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?” ఇందులో గట్టు ఏది?

నిన్న ఇక్కడ ఒకరు ఈ సామెతకు అర్థం రాస్తూ గట్టు అంటే చెరువు గట్టు అన్నారు. పెద్దలు ఎలా ఉంటే పిల్లలూ అలాగే అన్న అర్థం సరే. గట్టు మాత్రం చెరువుది కాదండీ, పొలం గట్టు. చేనూ గట్టూ ఆనుకుని ఉంటేనే ఈ సామెతకు పదును. అడుగు అటు పడితే పైరు, ఇటు పడితే గరిక.

మాది గజపతినగరం దగ్గర, చంపావతి ఒడ్డు పల్లె. ఊడ్పులు అయిపోయాక పశువుల్ని వదలడానికి చోటు ఉండేది కాదు. పలుపు చేత్తో పట్టుకుని గట్ల వెంటే మేపేవాళ్ళం. ఒకరోజు మా ఆవు వరిలో మూతి పెట్టిందని కర్రతో ఒకటి వేశాను. నాయనమ్మ చూసింది. “ఒరే, దాన్నెందుకు కొడతన్నావు? ఆ గరిక దాని నాలిక్కి ఏటి చిక్కుతాది? గొర్రికైతే చిక్కుతాది” అంది.

ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆవుకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు, గట్టిపడిన చిగుళ్ళే ఉంటాయి. గడ్డిని నాలుకతో చుట్టి లోపలికి లాక్కుని, కింది పళ్ళకూ ఆ చిగుళ్ళకూ మధ్య అదిమి తెంపుతుంది. నాలుకకు చుట్టుకునేంత పొడుగు లేకపోతే ఎంతసేపు మేసినా కడుపు నిండదు. గొర్రెకూ పై పళ్ళు లేవు గానీ దాని పెదాలు సన్నన, పై పెదవి మధ్యలో చీలి ఉంటుంది. అందుకే నేలబారు గడ్డినీ కొరుక్కోగలదు. మేక దారి వేరు. ముందు కాళ్ళు కంచె మీద వేసి మరీ ఆకులూ రెమ్మలూ అందుకుంటుంది.

ఇక దూడ. పుట్టినప్పుడు దానికి పాలే. నాలుగు అరల కడుపులో గడ్డి నానాల్సిన పెద్ద అర అప్పటికి ఎదగదు. రెండు మూడు వారాలు గడిచాక తల్లి పక్కన నిలబడి పరకలు నోట పెట్టుకుంటుంది, మెల్లగా నెమరు వస్తుంది. ఏది తినాలో, ఏది వదిలేయాలో తల్లి మూతి దగ్గర మూతి పెట్టి నేర్చుకుంటుంది. సామెత కట్టినవాళ్ళు దీన్ని కళ్ళారా చూసి కట్టారని నా నమ్మకం.

— అన్నా, మా పాలకొండ వైపు చేను అంటే మెట్ట. వరి వేసేది మడి. మరి మీరు వరి అంటున్నారేంటి?

మంచి ప్రశ్న తమ్ముడూ. చోడి (రాగి) చేను, గంటి (సజ్జ) చేను అని మా ఊళ్ళోనూ మెట్టకే అంటాం. కానీ చేను అంటే నేల మాత్రమే కాదు, దాని మీది పైరు కూడా. ‘చేను కోశారు’ అన్నప్పుడు కోసింది నేలను కాదు కదా. ‘కంచే చేను మేస్తే’ అన్నా పైరే. సామెతలో ఉన్నది ఈ రెండో అర్థం. మెట్టయినా పల్లమైనా గట్టు ఉంటుంది కాబట్టి ఎక్కడైనా సరిపోతుంది.

— అయితే తప్పు ఆవుదంటారా, కాదంటారా?

ఆవుది కాదనే అంటాను. 1871 నాటి పశువుల చట్టం ప్రకారం చేను మేసిన పశువును బందెలదొడ్డిలో పెట్టి, జరిమానా కడితే వదిలేవారు. కట్టాల్సింది పశువు గలవాడే. పలుపు వదిలేసిన చెయ్యి వాడిది. ఈ సామెతను పిల్లల్ని తిట్టడానికే వాడుతుంటే నాకు బాధగా ఉంటుంది.

ఆ రోజు తర్వాత మా నాయనమ్మ గట్టు గడ్డిని కొడవలితో మొదలంటా కోసి, గంపకెత్తుకుని పశువుల సాలలోకి తెచ్చి వేసేది. గంపలో గుబురుగా పడిన గడ్డయితే కురచదైనా ఆవు నాలుకకు చిక్కేది. దూడ కూడా ఆ గంపలోనే మూతి పెట్టేది.