మా పెద్ద మామ మోసింది ఏ మందు?

బొగ్గుపొడి:
మా పెద్ద మామ కొత్తగూడెంలో బొగ్గుబాయి పనోడు. తట్టా చెమ్మస్ పని, అంటే బొగ్గును తట్టకెత్తి టబ్బులో పోయడం. షిఫ్టు అయిందంటే నేరుగా సారా దుకాణానికే. ఎన్నోసార్లు మా అమ్మమ్మే వెళ్ళి లేపుకొచ్చేదట. నేను పుట్టేసరికే పోయాడు. ఇంట్లో ఆయన ప్రస్తావన వస్తే "తాగి చెడిపోయాడు" అనేవాళ్ళు, అంతే.

మొన్న మా అమ్మ (86 ఏళ్ళు) చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మామూలుగా అనేసింది: "అన్న అడివిలోళ్ళకు మందు తీసుకపోయేటోడు." 1949-50 నాటి మాట. పోలీసు చర్య అయిపోయింది, రజాకార్ల స్థానంలో మిలిట్రీ దిగింది, కమ్యూనిస్టు దళాలు గోదావరి అడవుల్లోకి జరిగాయి. అమ్మకు అప్పుడు పదేళ్ళు. ఏం మందో ఆమెకు తెలియదు. తాగేదా, పేల్చేదా, మింగేదా? పింఛను కోసం కాదు అడిగేది. ఇన్నేళ్ళు ఆయన్ని తాగుబోతు అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

రిటైర్డ్ షాట్‌ఫైరర్:
బాయిలో మందంటే పేలుడు మందే తమ్ముడూ. కానీ తట్ట మోసేవాడి చేతికి అది రాదు. మందు డబ్బా షాట్‌ఫైరర్ దగ్గరుంటుంది, అంటే మందు పెట్టి పేల్చేవాడి దగ్గర. ఎన్ని తీసుకున్నాం, ఎన్ని పేల్చాం, ఎన్ని వాపసు ఇచ్చాం, అన్నీ బుక్కులో రాయాలి. నా సర్వీసులో ఒక్కటి తేడా వస్తే రాత్రి నిద్ర పట్టేది కాదు. మీ మామకు షాట్‌ఫైరర్ దోస్తు ఉంటే వేరే సంగతి. ఇంకొకటి, జిలెటిన్ పట్టుకున్న చెయ్యి ముఖానికి తగిలితే తల పగిలిపోతుంది. ఇంటికొచ్చి తలకు గుడ్డ కట్టుకునేవాడా? అడగండి. తాగేవాడికి తలనొప్పి ఎట్లాగూ తప్పదనుకోండి!

పాత కాగితాల పిచ్చి:
వెతకాలనుకుంటే ఖమ్మం పేరుతో వెతక్కండి. ఆ జిల్లా 1953లో ఏర్పడింది, అంతకుముందు మీ ఊరు వరంగల్ జిల్లా. నిజాం కాలం కాగితాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటాయి, చాలావరకు ఉర్దూలో. ఐతే నా అంచనా, మీకేమీ దొరకదు. కాగితానికెక్కేది పట్టుబడినవాళ్ళే. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు కూడా జైలు శిక్షో, అజ్ఞాతంలో ఉన్నప్పటి వారెంటో చూపించమంటారు. రోజూ మస్టరు పడి, సాయంత్రం తాగి పడిపోయేవాడి మీద వారెంటు ఎవరు రాస్తారు?

నాకు మాత్రం మింగే మందు అనిపిస్తోంది. ఆ అడవుల్లో తూటా కంటే ముందు మనిషిని పడేసేది చలిజ్వరం. క్వినైన్ కావాలి. మీ అమ్మగారిని సీసా గురించి అడగండి, సారా గురించి కాదు.

బొగ్గుపొడి:
అడిగాను. తలకు గుడ్డ గుర్తులేదంది. సీసా అనగానే నవ్వింది.

మామ చొక్కా లోపల ఒకటి, చేతిలో ఒకటి, రెండు సీసాలు పెట్టుకునేవాడట. లోపలిది ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. ఒకరోజు ఆయన నిద్రపోతుంటే, సారా ఎట్లుంటదో చూద్దామని అమ్మ దాని బిరడా తీసి నాకింది. "వేపాకు నయం. పొద్దుగూకేదాకా నాలుక మీద చేదు పోలే. బెల్లం తిన్నా పోలే." చెప్తే తంతాడని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదట.

మరి చేతిలో సీసా సంగతేంటమ్మా, అది నాటకమా అన్నాను.

"నాటకమేంది? అది మంచిగనే తాగేటోడు."

రిటైర్డ్ షాట్‌ఫైరర్:
అమ్మకు నా దండాలు చెప్పు తమ్ముడూ. పేలుడు మందు మాట వెనక్కి తీసుకుంటున్నా.