ప్రొపేన్ మీద ఓపెన్ బర్నర్ రేంజ్ వాడుతున్నవాళ్లు చెప్పండి

కొత్త ఇంటి వంటగదికి 36 అంగుళాల, ఆరు బర్నర్ల గ్యాస్ రేంజ్ (పైన స్టవ్, కింద ఓవెన్ కలిసి ఉండేది) తీసుకోవాలి. మా లైను ప్రొపేన్. పదిహేను రోజుల్లో మోడల్ ఖాయం చేయకపోతే కప్‌బోర్డుల పని ఆగిపోతుంది, అదే టెన్షన్.

ఓవెన్ సంగతి తేలిపోయింది. డ్యూయల్ ఫ్యూయల్‌కి (పైన గ్యాస్, కింద కరెంటు ఓవెన్) 240 వోల్టుల లైను కావాలి, మేం వేయించలేదు, కాబట్టి గ్యాస్ ఓవెనే. పొగ లాగే హుడ్ 1,200 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి లాగుతుంది), గొట్టం బయటికే.

తేలనిది బర్నర్లే: చుట్టూ మూసేసిన సీల్డ్ రకమా, చుట్టూ ఖాళీ ఉండి పొంగింది కింద ట్రేలో పడే ఓపెన్ రకమా అని. షోరూముల్లో రెండు రకాలూ వెలిగించి, చిన్న గిన్నెలో నీళ్లు పెట్టి చూశాను. 18,000 బీటీయూ (మంట వేడికి కొలత) సీల్డ్ బర్నర్‌లో మంట చుట్టూ విచ్చుకుంది. గిన్నె అంచుల వెంట బుడగలు లేచాయి గానీ నడిమి నీళ్లు చాలాసేపు కదల్లేదు. 22,000 బీటీయూ ఓపెన్ బర్నర్ మంట మాత్రం సూటిగా అడుగు మధ్యకే తగిలింది. కింద ట్రే లాగి కడుక్కోవాలి, అయినా నా మనసు దీని మీదే ఉంది.

చిక్కేమిటంటే, షోరూముల్లో ఉన్నది నేచురల్ గ్యాస్. ప్రొపేన్‌కి జెట్లు మారిస్తే పెద్ద మంట బీటీయూ కాస్త తగ్గుతుందని మాన్యువల్‌లో ఉంది, సిమ్ గురించి ఒక్క ముక్క లేదు. ముగ్గురు సేల్స్‌మన్లను అడిగాను, ఎవరి దగ్గరున్నది వాళ్లు మంచిదన్నారు. నాకు గంటల తరబడి సన్నటి సెగ కావాలి.

ప్రొపేన్ మీద ఓపెన్ బర్నర్ రేంజ్ కనీసం ఏడాదిగా వాడుతున్నవాళ్లు చెప్పండి: సిమ్‌లో పెడితే మంట ఆరిపోకుండా సన్నగా నిలుస్తోందా?