అప్‌డేట్: ఫోన్ బదులు బైబిల్‌తో పొద్దున్నే

అందరికీ వందనాలు. లేవగానే చెయ్యి ఫోన్ మీదికే పోతోంది, ప్రార్థనలో మనసు నిలవట్లేదు, ఏం చేయాలని పోయిన నెల అడిగాను కదా. ఫోన్ వంటగదిలో ఛార్జింగ్ పెట్టి, దిండు పక్కన బైబిల్ ఉంచుకుని 119వ కీర్తన రోజుకి ఎనిమిది వచనాలే చదవమని ఒక అక్క చెప్పారు. మొత్తం 176 వచనాలు, హీబ్రూ అక్షరాల వరుసలో 22 భాగాలు. జ్వరంతో మూడు రోజులు తప్పి నాకు 25 రోజులు పట్టింది. 14వ భాగంలో "నీ వాక్యము నా పాదములకు దీపము" అని వచ్చిన రోజు కరెంటు లేదు, టార్చ్ కోసం కూడా ఫోన్ తెచ్చుకోకుండా కొవ్వొత్తి వెలుగులో చదివాను, ఏడుపొచ్చేసింది. కోపమొస్తే ఒక్క మాట ప్రార్థించి అప్పుడు మాట్లాడటం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. ఒకటో తారీఖు నుంచి బైబిల్‌లోని సామెతల గ్రంథం, 31 అధ్యాయాలు, తేదీకొకటి. అక్కా, చాలా థ్యాంక్స్.