పాంజియాయువాన్‌లో ధూపపాత్ర కొనొచ్చా?

ప్రశ్న: పనిమీద బీజింగ్‌లో ఉన్నాను. ఇక్కడి పాంజియాయువాన్ పాతవస్తువుల మార్కెట్‌లో ఒక కంచు ధూపపాత్ర తెగ నచ్చేసింది, అడుగున షువాందె అనే మింగ్ చక్రవర్తి పేరిట ముద్ర కూడా ఉంది. మింగ్ రాజవంశ కాలంది అంటున్నాడు అమ్మేవాడు, ధర వింటే టెన్షన్. నమ్మొచ్చా?

జవాబు: ముద్రను నమ్మకండి. షువాందె పాలన 1426 నుంచి 1435 వరకే, ఆ ముద్ర మాత్రం మింగ్ తర్వాతి చింగ్ రాజవంశ కాలంలోనూ ఆ తర్వాతా వేస్తూనే ఉన్నారు. తిరగేసి చూడండి, పాదాల అంచులు అరిగి నున్నబడాలి, గుంటల్లోనూ గట్ల మీదా ఒకే రంగుంటే నాకైతే అనుమానమే.

జవాబు: అమ్మేవాణ్ని అడిగి, పాత్ర మీది చిలుమును తడి దూదితో రుద్దండి, రంగు అంటితే అది పైన పూసిందే.

జవాబు: నిజంగా మింగ్‌దే అయితే ఇంటికి తెచ్చుకోలేరండీ! 1911కు ముందటి పురావస్తువులను చైనా దాటనివ్వరు.

ప్రశ్న వేసినవారు: రుద్దాను. దూదంతా ఆకుపచ్చగా అయింది, వదిలేశాను.