నడుస్తూ ఆగిపోయిన కారు మళ్లీ స్టార్ట్ అవ్వట్లేదు, సలహా చెప్పండి

అందరికీ నమస్తే. నేను ఈ దేశానికి వచ్చి నాలుగు నెలలైంది. పోయిన నెలే ఒక పాత పెట్రోల్ కారు కొన్నాను, ఆటోమేటిక్. నిన్న ఆఫీసు నుంచి వస్తూ హైవే దిగి సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజన్ ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా స్టార్ట్ కాలేదు. వెనక హారన్లు, టెన్షన్‌లో ఏం చేశానో కూడా గుర్తులేదు. అరగంట తర్వాత ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది, ఇంటికి వచ్చేశాను. ఈ రోజు మళ్లీ అదే జరిగింది. రూమ్‌మేట్ బ్యాటరీ మార్చమంటున్నాడు, ఆఫీసులో ఒకరు ఫ్యూయల్ పంప్ అంటున్నారు. రెండూ మార్చే పరిస్థితి నాకు ఇప్పుడు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

తమ్ముడూ, ఈ రోజుకి ఏ పార్టూ కొనకు. ముందు ఒక్క ప్రశ్నకి జవాబు కావాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ తిరుగుతోందా, తిరగట్లేదా? "స్టార్ట్ కాలేదు" అంటే ఈ రెండిట్లో ఏదైనా కావచ్చు, కానీ రెండూ వేర్వేరు జబ్బులు. మెకానిక్‌కి ఫోన్ చేసినా మొదట అడిగేది ఇదే.

అసలు తిరగకపోతే చూడాల్సింది బ్యాటరీ, దాని టెర్మినల్స్, స్టార్టర్ మోటర్. టకటకటక అని వరసగా చప్పుడొచ్చి మీటర్ బోర్డులో లైట్లు మసకబారితే బ్యాటరీ నీరసంగా ఉన్నట్టు, లేదా టెర్మినల్ వదులైనట్టు. టెర్మినల్‌ని చేత్తో పట్టుకుని తిప్పి చూడు. కదిలితే అది బిగించాలి, తెల్లగా ఉప్పులా పేరుకుని ఉంటే శుభ్రం చేయాలి. లైట్లు బాగానే వెలుగుతూ ఒక్కసారి 'టక్' మని ఊరుకుంటే స్టార్టర్ మీద అనుమానపడాలి. ఏ చప్పుడూ లేకపోతే ముందు గేర్ చూసుకో. ఆటోమేటిక్ కారు డ్రైవ్‌లో ఉండగా ఆగిపోతే, లివర్ పార్క్‌లోకో న్యూట్రల్‌లోకో తెచ్చేదాకా సెల్ఫ్ తీసుకోదు. సిగ్నల్ దగ్గర కంగారులో చాలామంది ఇది మర్చిపోతారు. నిన్న నువ్వూ అదే చేశావేమో ఒకసారి గుర్తు తెచ్చుకో.

బ్యాటరీ గురించి నా అభిప్రాయం. ఇంజన్ నడుస్తున్నప్పుడు కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్. అది పోతే బ్యాటరీ మెల్లగా ఖాళీ అవుతుంది. ఎర్ర బ్యాటరీ లైటు వెలుగుతుంది, హెడ్‌లైట్లు డల్ అవుతాయి, చివరికి ఇంజన్ ఆగుతుంది. అలాంటి కారుకి వేరే బ్యాటరీతో జంప్ ఇచ్చినా కాసేపు నడిచి మళ్లీ ఆగుతుంది. వోల్టులు కొలిచే మల్టీమీటర్ దొరికితే ఐదు నిమిషాల పని. ఇంజన్ ఆపి ఉంచినప్పుడు మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, ఇంజన్ నడుస్తుంటే సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. నీ కారు అరగంట ఆగి మామూలుగా స్టార్ట్ అయి ఇంటిదాకా వచ్చిందన్నావు కాబట్టి నాకు బ్యాటరీ మీద అనుమానం తక్కువే.

ఇక ఇంజన్ తిరుగుతున్నా అందుకోకపోతే, పెట్రోల్ అందట్లేదో, స్పార్క్ రావట్లేదో తేల్చాలి. కీ ఆన్‌లో పెట్టి, సెల్ఫ్ కొట్టకుండా, కిటికీలు మూసి, ఏసీ ఫ్యాన్ ఆపి విను. చాలా కార్లలో వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు సన్నగా 'జూ' మని వినిపిస్తుంది. అదే ఫ్యూయల్ పంప్. కారు బాగున్న రోజే ఆ చప్పుడు ఒకసారి విని గుర్తుపెట్టుకుంటే, ఆగిపోయిన రోజు తేడా తెలుస్తుంది. చప్పుడు లేకపోతే పంప్ కొనేముందు దాని ఫ్యూజు, దానికి కరెంటు ఇచ్చే చిన్న స్విచ్ లాంటి రిలే చూడాలి. ఫ్యూజ్ బాక్స్‌లో అదే నంబరున్న రిలే ఇంకొకటి, తరచుగా హారన్‌ది, ఉంటుంది. ఒకదాని చోట ఇంకొకటి పెట్టి చూడొచ్చు. రిలే చిన్న వస్తువు, పంప్ పెద్ద ఖర్చు.

వేడెక్కినప్పుడు ఆగి, చల్లారాక స్టార్ట్ అయ్యే కారు అనగానే నాకు తోచేది క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సార్. ఇంజన్ ఏ క్షణంలో ఎక్కడ తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పేది అదే. ఆ కబురు అందకపోతే చాలా కార్లలో కంప్యూటర్ స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ చిమ్మదు. పాతబడ్డ సెన్సార్ వేడికి పనిచేయడం మానేసి, చల్లారాక మళ్లీ పనిచేస్తుంది.

నేను వచ్చిన మొదటి ఏడాది నా కారుదీ ఇదే కథ. ఒక గ్యారేజీలో పంప్ మార్చారు, మూడు రోజులకే మళ్లీ రోడ్డు మీద ఆగింది. తర్వాత పక్క వీధిలో ఉండే పెద్దాయన, రిటైరైన మెకానిక్, వచ్చి చూశాడు. బానెట్ కూడా తెరవలేదు. పక్క సీట్లో కూర్చుని నన్ను సెల్ఫ్ కొట్టమని, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే ఆర్‌పీఎం ముల్లునే చూశాడు. ఇంజన్ గరగరా తిరుగుతోంది, ముల్లు మాత్రం సున్నా మీద అతుక్కుని ఉంది. మామూలుగా సెల్ఫ్ కొడుతున్నప్పుడు చాలా కార్లలో ఆ ముల్లు 200 దగ్గర కొంచెం ఆడాలి. "నీ కంప్యూటర్‌కి ఇంజన్ తిరుగుతున్నట్టే తెలియదు" అన్నాడు. అనవసరంగా మార్చిన ఆ పంప్‌కి పెట్టిన డబ్బు తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. నీకు అలా కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ ఎప్పటికంటే తేలిగ్గా, వేగంగా, బరువు లేనట్టు తిరిగితే వెంటనే ఆపెయ్. వాల్వులని పిస్టన్లతో లయ తప్పకుండా నడిపించే టైమింగ్ బెల్ట్ తెగి ఉండొచ్చు. కొన్ని ఇంజన్లలో ఇంకా తిప్పితే వాల్వులు పిస్టన్‌కి తగిలి ఇంజనే పాడవుతుంది. మామూలు ఇంజన్‌కైనా పది సెకన్లకి మించి సెల్ఫ్ పట్టుకోవద్దు. ఒక నిమిషం ఆగి మళ్లీ కొట్టు, లేకపోతే స్టార్టర్ కాలిపోతుంది.

మరొక జవాబు:

అన్నయ్య కారు గురించి అన్నీ చెప్పారు, నేను నీ గురించి చెప్తాను తమ్ముడూ. నడుస్తుండగా ఇంజన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది. బ్రేకు ఒకటి రెండు సార్లు బాగానే పడుతుంది, తర్వాత పెడల్ గట్టిపడుతుంది. అందుకని బ్రేకుని వదిలి వదిలి తొక్కకు, ఒకే పట్టున నొక్కి పక్కకి తీసుకో. కీ పూర్తిగా లాక్ వైపు తిప్పొద్దు, స్టీరింగ్ బిగుసుకుంటుంది. హజార్డ్ లైట్లు వెయ్. హైవే మీదైతే ట్రాఫిక్ లేని వైపు తలుపులోంచి దిగి, రెయిలింగ్ అవతల నిలబడి ఫోన్ చెయ్. కారులో కూర్చుని గూగుల్ చేయకు.

ఎర్ర ఆయిల్ లైటు వెలిగి ఆగినా, టెంపరేచర్ ముల్లు పైకెళ్లి ఆగినా మళ్లీ స్టార్ట్ చేయనే వద్దు, టో చేయించుకో. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. నీ ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో ఇవాళే చూసుకో. మీటర్ బోర్డులో తాళం బొమ్మ మెరుస్తుంటే కారు కీని గుర్తుపట్టడం లేదని. స్పేర్ కీతో ప్రయత్నించు. మా వారి కారు ఒకసారి స్టార్ట్ అయి రెండు సెకన్లకే ఆగిపోతుంటే ఏవేవో అనుకున్నాం, చివరికి కారణం కీనే.

అడిగిన తమ్ముడు:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. ఈ సాయంత్రం మళ్లీ ఆగింది. సెల్ఫ్ తీసుకుంటోంది, బాగా తిరుగుతోంది. కీ ఆన్ చేస్తే వెనక 'జూ' మన్న చప్పుడు వస్తోంది. ఆర్‌పీఎం ముల్లు మాత్రం అస్సలు కదల్లేదు. చెక్ ఇంజన్ లైటు ఇప్పటిదాకా రాలేదు, మరి కారు కంప్యూటర్‌లో లోపం చెప్పే కోడ్ ఉంటుందా?

జవాబు:

లైటు లేకపోయినా పెండింగ్ కోడ్, అంటే ఇంకా లైటు వెలిగించేదాకా రాని కోడ్, ఉండొచ్చు. స్టీరింగ్ కింద మోకాళ్ల దగ్గర, ఆ కోడ్ చదివే స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ ఉంటుంది. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకి 2001 నుంచి అది తప్పనిసరి. స్నేహితుల దగ్గర చిన్న స్కానర్ అడిగి తెచ్చుకో. పీ0335 వస్తే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్. కోడ్ రాకపోతే, కారు మొరాయిస్తున్నప్పుడే స్కానర్ పెట్టి లైవ్ డేటాలో ఆర్‌పీఎం చూస్తూ ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను. అక్కడా సున్నా చూపిస్తే నా అనుమానం బలపడినట్టే.

కోడ్ వచ్చిందని సెన్సారే పోయిందని కాదు. వైరు ఒరుసుకుపోయినా, కనెక్టర్‌లోకి ఇంజన్ ఆయిల్ దిగినా అదే కోడ్ వస్తుంది. కనెక్టర్ ఊడదీసి చూశాకే సెన్సార్ మార్చమని చెప్పు. గ్యారేజీలో "క్రాంక్ సెన్సార్ మార్చండి" అనకు. "వేడెక్కాక ఆగుతుంది, సెల్ఫ్ తిరుగుతుంది, పంప్ చప్పుడు వస్తుంది, ముల్లు సున్నా మీదే ఉంటుంది, అరగంటకి స్టార్ట్ అవుతుంది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. కాగితం మీద రాసి తీసుకెళ్లు. ఇంగ్లీషులో వాళ్ల యాసకి కంగారు పడినా కాగితం చేతికిస్తే సరిపోతుంది.

అడిగిన తమ్ముడు:

పీ0335 వచ్చింది అన్నా. కాగితం ఇస్తే మెకానిక్ చదివి నేరుగా కారు కిందకి దూరాడు. కనెక్టర్ నిండా ఆయిల్, పైన ఒక సీల్ కారుతోందట. సెన్సార్‌తో పాటు ఆ సీల్ కూడా మార్చాలన్నాడు, సరేనన్నాను. పాత సెన్సార్ అడిగి తెచ్చుకున్నాను, బొటనవేలంత ఉంది.